పేరు తేలని జబ్బుకు ఫైలు కట్టడం

వంద పేజీల లాంగు నోటుబుక్కు ఒకటి, బొత్తాం ఉన్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి, పోకుండా దారంతో నోటుబుక్కుకే కట్టిన పెన్ను ఒకటి. సామాను ఇంతే. వీటికి తోడు ఇంట్లో ఒక సెల్‌ఫోనూ, గాభరా పడకుండా చూడగలిగిన ఒక మనిషీ ఉంటే పని సగం అయినట్టే.

ఈ ఫైలు ఎవరికంటే, నడుస్తుంటే ఒక కాలి చెప్పు తెలియకుండానే జారిపోతున్నవాళ్ళకి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక నిమిషం ఎటో వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి "ఏమన్నావు?" అని అడిగేవాళ్ళకి. చెయ్యి మొద్దుబారి, వదిలి, నాలుగు రోజులకి ఈసారి కాలు మొద్దుబారినవాళ్ళకి. ఆర్‌ఎంపీ దగ్గర బలం సూది అయింది, సెలైనూ ఎక్కింది. స్కానింగు తీయిస్తే "ఏమీ లేదు" అన్నారు. నరాల డాక్టరుగారు చూసి, "ఇంకా తేలలేదమ్మా, మూడు నెలలాగి రండి" అన్నారు. ఆ మూడు నెలలూ ఎలా గడపాలో మాత్రం మందుల చీటీ మీద రాసి ఉండదు.

ఆ మూడు నెలలూ ఉత్తినే కూర్చోనక్కర్లేదన్నదే నా మాట. ఎంత పెద్ద యంత్రం వచ్చినా నరాల డాక్టరు మొదట అడిగేది కథే. ఎప్పుడు, ఎక్కడ, ఎలా మొదలైంది, ఎటు పాకింది అన్న కథ. అది చెప్పగలిగింది రోగి, రోగి పక్కన ఉన్న మనిషి. దాన్ని చెదిరిపోకుండా పోగుచేసి పెట్టడం కూడా వైద్యంలో భాగమే.

ఊరు ఊరంతటికీ ఇలాంటి ఫైలు కట్టాల్సివచ్చిన రోజులు మన గోదావరి డెల్టాకి తెలుసు. 2020 డిసెంబరు 5, శనివారం. అప్పటికి ఏలూరు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. వన్ టౌన్ వీధుల్లో పిల్లలూ పెద్దలూ ఉన్నట్టుండి పడిపోయి కొట్టుకోసాగారు. నోట నురగ, వాంతులు, తలనొప్పి, లేచాక కాసేపు ఎక్కడున్నదీ తెలియకపోవడం. మూర్ఛ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండేది. చాలామంది గంటల్లోనే తేరుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. చూస్తుండగానే బాధితులు ఆరువందలు దాటారు, ఒకరు చనిపోయారు. సీటీ స్కాన్లు తీస్తే మామూలుగానే ఉన్నాయి. వెన్నులోంచి తీసిన నీళ్ళలోనూ తేడా కనబడలేదు. కోవిడ్ కాదని తేలింది. ఏదీ తేలని ఆ వేళ ప్రభుత్వాసుపత్రిలో చేతికి అందేది ఒక్కటే: ఏ వీధి, ఎన్ని గంటలకు, అంతకుముందు ఏం తిన్నారు, ఏ నీళ్ళు తాగారు అని మనిషి మనిషినీ అడిగి రాసుకోవడం. మన ఫైల్లో చేయబోయేదీ అదే పని, ఒక్క మనిషి మట్టుకు.

ఫైలు కన్నా ముందు

కొన్నింటికి నోటుబుక్కు తెరవకూడదు, 108కి ఫోను చేయాలి. మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దముద్దగా రావడం పక్షవాతపు గుర్తులు. రక్తపు గడ్డను కరిగించే సూది, గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల లోపలే పనికొస్తుంది కాబట్టి "తెల్లారాక చూద్దాం" అన్న మాటే ప్రమాదం. అరగంటలో తగ్గిపోయినా సరే, వెళ్ళాల్సిందే. ఆ తగ్గిపోయినది పెద్దదానికి ముందస్తు కబురు కావచ్చు.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, నీళ్ళలో వచ్చినా, గర్భిణికి వచ్చినా అంతే. తలమీద పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే తలనొప్పి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి, మాట తడబడటం. నడుమునొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పి, మూత్రం ఆగిపోవడం. పాదాల దగ్గర మొదలైన నీరసం రోజురోజుకీ మోకాళ్ళకీ, తొడలకీ, చేతులకీ ఎక్కుతూ రావడం. ఈ చివరిది గులియన్ బారీ కావచ్చు, ఊపిరి తీసే కండరాల దాకా పోకముందే ఆసుపత్రిలో ఉండాలి.

డెల్టాలో ఇంకొకటి కలపాలి. చేలో మందు కొట్టి వచ్చిన మనిషికి విపరీతంగా చెమట పట్టి, చొల్లు కారుతూ, కంటిపాప సూదిమొనంత అయి, కండలు అదురుతుంటే అది ఎండదెబ్బ కాదు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాను కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. డబ్బా మీద పేరు చూస్తే డాక్టరుకి ఏ విరుగుడు వాడాలో తేలికగా తెలుస్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం మన దగ్గర ఇంకా పోలేదు. తాళాలవల్ల మేలూ లేదు, పెద్ద కీడూ లేదు. చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తలకింద ఏదైనా మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్ళు పోయకండి.

మొదటి పేజీ

పేరు, వయసు, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా. చేతివాటం అడిగితే చాలామంది నవ్వుతారు గానీ, మాటను నడిపే భాగం మెదడులో ఏ పక్క ఉందో అంచనా వేయడానికి డాక్టరుకి అది కావాలి. తర్వాత బీపీ, షుగరు, థైరాయిడ్, తలకి తగిలిన పాత దెబ్బలు, చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా అన్న సంగతి. అది అమ్మనో అమ్మమ్మనో అడిగి రాయాలి.

కిందనే వంశవృక్షం. మూడు తరాలు చాలు. తల్లిదండ్రులది మేనరికమైతే ఆ రెండు పేర్ల మధ్య జంట గీత గీయండి. మనవైపు మేనమామ, మేనకోడలు సంబంధాలు కొత్తేమీ కాదు. కొన్ని నరాల, కండరాల జబ్బులు దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి. "మా పెద్దనాన్నకి కూడా యాభై దాటాక నడక తూలేది, తాగి తూలుతున్నాడనుకునేవాళ్ళం" లాంటి మాట ఇక్కడ రాయాలి. ఆ ఒక్క వాక్యం డాక్టరుని తిన్నగా సరైన దారికి తీసుకెళ్ళవచ్చు. సంబంధాలు చెడతాయని దాచే ఇళ్ళు ఉన్నాయి. ఫైలు డాక్టరుగారి బల్ల దాటి పోదని ఇంట్లోవాళ్ళకి నచ్చచెప్పి రాయించండి.

చేసే పని కూడా వివరంగా రాయాలి. "వ్యవసాయం" అంటే చాలదు. మందు స్వయంగా కొడతారా, రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటారా, బ్యాటరీల షాపా, రంగులు వేస్తారా, బంగారం పనా? మందు సంగతీ దాచకండి, అంటే సీసాలో మందు. ఎన్నాళ్ళుగా, రోజుకెంత. మానేసిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చిందా? అదీ డాక్టరుకి పెద్ద ఆనవాలే.

రోజు పేజీ

అసలు పని ఇక్కడుంది. "నీరసం", "నరాల బలహీనత", "గుండె దడ, ఏదోలా ఉంది" అని రాస్తే పేజీ నిండుతుందే తప్ప డాక్టరుకి ఏమీ అందదు. జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక పేజీ ఇలా ఉండొచ్చు:

"మంగళవారం ఉదయం ఆరూ నలభై. వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను. ఎడమ చేతి చిటికెనవేలు, పక్కనున్న ఉంగరపు వేలు మొద్దుబారాయి. మిగతా వేళ్ళు బాగానే ఉన్నాయి. చెంబు జారలేదు. పది నిమిషాలకి తగ్గింది. రాత్రంతా ఎడమ మోచెయ్యి మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నట్టు గుర్తు."

ఇది చదివిన నరాల డాక్టరు చూపు మెదడు మీద కన్నా ముందు మోచేతి మీదికి పోతుంది. చిటికెనవేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ వెళ్ళే నరం మోచేతి వెనక, తగిలితే జివ్వుమనే చోట, చర్మం కిందనే పోతుంది. అదే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట మొద్దుబారి, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందని రాసి ఉంటే చూపు మణికట్టు మీద పడుతుంది. "చెయ్యి తిమ్మిరి" అని రాసుంటే రెండూ కలిసిపోయేవి, మధ్యలో మెడకి ఎమ్మారై ఖర్చు కూడా అయ్యేదేమో.

పాకే వేగం కూడా రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు. తిమ్మిరి వేళ్ళ దగ్గర మొదలై సెకన్లలో మోచేతికీ, ముఖానికీ ఎగబాకితే మూర్ఛ జాతిది కావచ్చు. పావుగంటసేపు మెల్లగా పాకుతూ వచ్చి, తర్వాత తలనొప్పి పట్టుకుంటే మైగ్రేన్ కావచ్చు. ఒక్క ఉదుటున చెయ్యీ కాలూ మూతీ అన్నీ కలిసి పడిపోతే రక్తనాళపు వ్యవహారం, నోటుబుక్కు పక్కన పెట్టి 108.

కళ్ళు తిరగడం సంగతీ ఇంతే. గది గిర్రున తిరిగిందా? లేచి నిలబడగానే నలుపు కమ్మిందా? గది కదలకుండా, కాళ్ళ కింద నేల మాత్రం పంటు మీద నిలబడ్డట్టు ఊగిందా? మొదటిది చాలాసార్లు చెవి లోపలిది, రెండోది రక్తపోటుదో గుండెదో, మూడోది నరాలదో చిన్నమెదడుదో. మూడింటికీ వెళ్ళాల్సిన గుమ్మాలు వేరు.

చెప్పు జారిపోవడం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, ముద్ద కలపడంలో తేడా, మెట్లు దిగడంలో భయం, చీకట్లో నడక తూలడం, మొహం కడుక్కుంటూ కళ్ళు మూయగానే తూలిపోవడం వంటివి చిన్నవని వదలొద్దు. ఈ చివరిదాన్ని చూసే డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి కళ్ళు మూయమంటారు.

ఒక హెచ్చరిక. రోజుకి ఒక్కసారే రాయండి, రాత్రి భోజనానికి ముందు, పది నిమిషాలు. గంటగంటకీ వేళ్ళు గిల్లుకుని చూసుకునేవాళ్ళకి లేని తిమ్మిరి కూడా వస్తుంది. మనసు ఎక్కడ కాపలా కాస్తే ఒళ్ళు అక్కడ ఎక్కువగా పలుకుతుంది. ఏమీ జరగని రోజున "ఏమీ లేదు" అని తేదీతో రాయండి. ఆ ఖాళీ రోజులు కూడా డాక్టరుకి కావాలి.

వీడియో

పడిపోతున్న మనిషి ముందు ఫోను పట్టుకుని నిలబడటం చాలామందికి పాపమనిపిస్తుంది. ఒకరు మనిషిని చూసుకుంటుంటే, రెండో మనిషి తీయాలి. ఒక్కరే ఉంటే వీడియో వద్దు, మనిషే ముఖ్యం. డాక్టరు ముందు ఫిట్స్ దాదాపు ఎప్పుడూ రాదు కాబట్టి ఆ నిమిషం వీడియో ఆయనకి దొరికే అరుదైన సాక్ష్యం. ముఖం, చేతులు, కాళ్ళు అన్నీ కనబడాలి. పేరుపెట్టి పిలవండి, పలికారో లేదో అందులో రికార్డవుతుంది. కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, తల ఎటు తిరిగింది, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, నాలుక ఏ పక్క కరుచుకున్నారు. ఆగిపోయాక కూడా రెండు నిమిషాలు తీస్తూనే ఉండండి, తేరుకునే తీరులో సగం సమాచారం ఉంటుంది. చూశాక మీరు మాత్రం జబ్బు పేరు తేల్చకండి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి.

లోపలికి పోయినవి

నోటుబుక్కును వెనకనుంచి తిప్పి, అక్కడొక పేజీ తెరవండి. ఒంట్లోకి పోయిన ప్రతిదానికీ ఈ పేజీ. ఏలూరులో జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నీరి, ఎయిమ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాలు వచ్చి చేసింది ఇలాంటి పేజీని పెద్ద ఎత్తున నింపడమే. రక్తం, మున్సిపల్ కుళాయి నీళ్ళు, పాలు, కూరగాయలు, అన్నీ పట్టుకెళ్ళారు. మొదట అందరి అనుమానమూ కుళాయి మీదకే పోయింది. అడుగుతూ పోతే, మున్సిపల్ నీళ్ళు అందని చోట్ల కూడా పడిపోయినవాళ్ళు ఉన్నారని తేలింది. జవాబులు రాసి ఉండబట్టే అనుమానాన్ని పక్కకి జరపగలిగారు.

మీ ఇంట్లో తాగేది కుళాయి నీళ్ళా, బోరా, చెరువా, ఆర్‌వో ప్లాంటు డబ్బానా? చేలో మందు కొట్టిన వారమా? మీరే కొట్టక్కర్లేదు, పక్క చేలో కొట్టినా రాయండి. ఇంగ్లీషు మాత్రలు, నొప్పుల మాత్రలు, కామెర్లకి వేయించుకున్న పసరు, బలానికి తిన్న లేహ్యం, భస్మం. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి కాబట్టి పొట్లం పారేయకుండా ఫైల్లో పెట్టండి. డాక్టరు కోప్పడతారని దాస్తే ఆయన వెతికేది తప్పు గదిలో.

ఇక్కడే బలం సూది గురించి చెప్పాలి. కాళ్ళు మంటలు, తిమ్మిర్లు అనగానే ఎర్రటి బీ12 సూది పొడిచేస్తారు. బీ12 లోపం నిజంగా నరాలనీ వెన్నుపామునీ దెబ్బతీస్తుంది, సూది మంచి మందే. చిక్కల్లా ముందు సూది వేసి తర్వాత రక్తం తీస్తే, ఒంట్లో బీ12 నిండుగా ఉన్నట్టు కనిపిస్తుంది, అసలు లోపం దాక్కుంటుంది. ముందు రక్తం, తర్వాత సూది. ఇప్పటికే వేయించుకుని ఉంటే తేదీ రాయండి. స్టెరాయిడ్లదీ అదే దారి. కొన్ని జబ్బుల్లో అవి స్కానింగులో కనబడే మచ్చల్ని కొన్నాళ్ళు చెరిపేస్తాయి.

ప్రయాణం, ఐదు నిమిషాలు

ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంటిని బట్టి, డబ్బుని బట్టి. రాజమండ్రిలో దానవాయిపేట వీధులన్నీ డాక్టర్ల బోర్డులే. కోనసీమవాళ్ళు అమలాపురం, కాకినాడ వెళ్తారు. నరసాపురంవాళ్ళు భీమవరం, విజయవాడ చూసుకుంటారు. కాకినాడ పెద్దాసుపత్రి, దానితో ఉన్న రంగరాయ వైద్య కళాశాల, డెల్టాకి పాత దిక్కు. 2023లో రాజమండ్రిలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం (మునుపటి ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే మిత్రని ముందే అడగండి, స్కానింగు అయ్యాక కాదు.

ఎవరి దగ్గరికైనా వెళ్ళండి, వరసగా నలుగురి దగ్గరికి మాత్రం వద్దు. మారాల్సి వస్తే ఫైలు అదే ఉండాలి. ఎమ్మారై తీయించుకుంటే రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. కొత్త డాక్టరు కాగితాన్ని కాదు, బొమ్మని చూడాలనుకుంటారు.

లోపలికి పిలిచాక మొదటి వాక్యం సిద్ధంగా ఉండాలి: "నాలుగు నెలల నుంచి కుడికాలి చెప్పు జారిపోతోందండి, నెల నుంచి మెట్లు ఎక్కడం కష్టమవుతోంది." "మాకు పార్కిన్సన్ అని అనుమానమండి" అని మొదలుపెట్టకండి. ఆ పేరు చెవిన పడ్డాక ఎదుటివాళ్ళు మీ కథ వినడం మానేసి ఆ పేరుని నిరూపించడమో కొట్టేయడమో మొదలుపెడతారు. పడిపోయినప్పుడు చూసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. కోడలు చూస్తే కోడలే రావాలి, "మగవాళ్ళు మాట్లాడతారు" అని చూడని మరిదిని పంపకండి. అడగాల్సినవి మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. మీ అనుమానాల్లో ముందున్నది ఏది? దేన్ని తోసిపుచ్చడానికి ఈ పరీక్ష? ఏం జరిగితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రావాలి?

పరీక్షలు

ఈఈజీకి వెళ్ళేముందు తలంటుకుని, నూనె రాయకుండా వెళ్ళాలి. మన కొబ్బరినూనె తలలకి ఇది చెప్పి తీరాలి. నూనె ఉంటే తీగలు అతుక్కోవు. రాత్రి తక్కువ నిద్రపొమ్మంటే పొండి, మాత్రలు ఆపమని వాళ్ళు చెప్పందే ఆపకండి. ఎమ్మారైకి మంగళసూత్రం, మెట్టెలు, సేఫ్టీ పిన్నులు, జడపిన్నులు అన్నీ తీసేయాలి. సూత్రం తీయడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకుని వెళ్ళే ఆడవాళ్ళున్నారు, ఎవరికీ అభ్యంతరం లేదు. ఒంట్లో పేస్‌మేకరు, ఇనప ముక్క ఉంటే ముందే చెప్పండి. లోపల అరగంటా ముప్పావు గంటా కదలకుండా పడుకోవాలి, చప్పుడు ఎక్కువ. నరాల కరెంటు పరీక్షలో చిన్న చిన్న షాకులు కొడతాయి, ఓర్చుకోవచ్చు. వెన్నులో నీళ్ళు తీశాక లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం కొందరికి వస్తుంది. చెప్పండి, భయపడకండి.

రిపోర్టులో "నార్మల్" అని వచ్చిన రోజు ఇంట్లో గొడవ మొదలవుతుంది. "ఏమీ లేదన్నారు కదా, ఇక లే!" మూర్ఛ ఉన్న మనిషికి కూడా ఒకసారి తీసిన ఈఈజీ మామూలుగా రావచ్చు. తీగలు పెట్టిన ఆ అరగంటలో మెదడు అల్లరి చేయకపోతే పట్టుబడదు. ఆ పరీక్ష, ఆ రోజు, ఆ చోట ఏమీ చూపలేదని అర్థం. ఏలూరులో సీటీ స్కాన్ శుభ్రంగా ఉన్నవాళ్ళు కూడా వీధిలో నిజంగానే పడిపోయారు. దాన్ని మాస్ హిస్టీరియా అన్నవాళ్ళూ ఉన్నారు.

ఎదురుచూసే ఇల్లు

ఉన్నట్టుండి స్పృహ తప్పే మనిషి ఉన్న ఇల్లు డెల్టాలో అయితే మొదటి శత్రువు నీళ్ళు. కాలువ స్నానం వద్దు, రేవులో బట్టలుతకడం వద్దు, గోదావరి ఘాటులో మునక ఒంటరిగా వద్దు. ఇంటి స్నానాల గదికి లోపల గడియ పెట్టకుండా, నిండు బకెట్టు ముందు వంగకుండా చెంబుతో కూర్చుని స్నానం. కాలువగట్టు మీద బైకు డాక్టరు సరేననేదాకా బంద్. నరసాపురం, సఖినేటిపల్లి రేవు దాటాలంటే పంటు అంచున నిలబడకుండా మధ్యలో కూర్చోండి. కొబ్బరిచెట్టు ఎక్కే పని, డాబా అంచున వేసవి పడక, చెరువు దగ్గర ఏరియేటరు మోటార్ల పని మరొకరికి అప్పగించాలి. పొయ్యి మీద గంజి వార్చడం ఇంకొకరు చూసుకోవాలి. కొందరు ఇవన్నీ వింటే ఇక బతుకు ఆగిపోయిందనుకుంటారు. జాబితా చదివి, మీకు వర్తించే రెండు మూడింటిని తప్పిస్తే మిగతా రోజంతా మీదే. చూపులో, నడకలో మాత్రమే తేడా ఉన్నవాళ్ళకి పై నియమాల్లో చాలావాటితో పనే లేదు.

నిద్ర మాత్రం అందరికీ. రాత్రి కాపలా పని ఉన్నవాళ్ళు పగటికి మార్పించుకోగలిగితే మార్పించుకోండి. నిద్ర చాలకపోతే ఫిట్స్, మైగ్రేన్, చేతుల వణుకు మూడూ హెచ్చుతాయి. ఉపవాసం పేరుతో మాత్ర మానొద్దు.

చుట్టాలది వేరే అధ్యాయం. గాలి సోకిందని ఒకరు, దిష్టి అని ఒకరు, ఫలానా ఊళ్ళో మందు పోస్తారని ఇంకొకరు. పెద్దవాళ్ళు తాయెత్తు కడతామంటే కట్టనివ్వండి, దానితో పేచీ పెట్టుకుని ఒంట్లో శక్తి ఖర్చు చేయనక్కర్లేదు. తాగించేదీ, ముక్కులో పోసేదీ, వాత పెట్టేదీ అయితే వద్దని గట్టిగా చెప్పండి. ఇంకొన్ని ఇళ్ళల్లో "అంతా నటన, పని తప్పించుకోవడానికి" అంటారు, ముఖ్యంగా కోడళ్ళని. ఆ మాట జబ్బుకన్నా ముందే మనిషిని పడగొడుతుంది. రాత్రుళ్ళు భయం ఆగకపోతే, బతకాలని లేదనిపిస్తే 14416కి ఫోను చేయండి. టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిచ్చి ఉన్నవాళ్ళకే అది అనుకోకండి. పేరు తెలియని దానికోసం రోజుల తరబడి ఎదురుచూడటం ఎవరికైనా బరువే.

ఎంతకాలం అంటే, ఏలూరుకి డిసెంబరు 8నే ఒక జవాబు వచ్చింది. ఎయిమ్స్‌కి పంపిన రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని. జనం బ్యాటరీలనీ నీటి గొట్టాలనీ తిట్టుకుంటుండగానే, 16న ఇంకో జవాబు: పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణుల అభిప్రాయం, అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది ఇంకా చూడాలి అని. మొదటి జవాబుకి అతుక్కుపోయినవాళ్ళకి రెండోది మింగుడు పడలేదు. జపాన్‌లోని మినమాటాలో అయితే 1956 మేలో తెలియని నరాల జబ్బు ఒకటి అధికారికంగా నమోదైంది. మొదట అంటువ్యాధి అనుకున్నారు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసమే కారణమని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968. ఒక ఊరికే అంతకాలం పడితే, ఒక మనిషి చెయ్యి తిమ్మిరికి మూడు నెలలు పట్టడంలో డాక్టరు నిర్లక్ష్యమే ఉందని అనుకోనక్కర్లేదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ లాంటి జబ్బుల్లో కాలం కూడా పరీక్షే. దెబ్బ వేరువేరు చోట్ల, వేరువేరు వేళల్లో తగిలిందన్న రుజువు తరచూ అవసరమవుతుంది. ఆరు నెలల క్రితం కన్ను మసకబారి పదిహేను రోజుల్లో తగ్గిందని మీరు రాసుకున్న పేజీ అప్పుడు సాక్షిగా నిలబడుతుంది.

పేరు వచ్చాక, లేదా రాకపోతే

ఒక్కోసారి డాక్టరు "ఫంక్షనల్" అంటారు. నరాల తీగలు తెగలేదు, వాటి మీద నడిచే పని తప్పింది అని. ఇది "ఏమీ లేదు" కాదు. బలహీనమైన కాలిని మంచానికేసి నొక్కమంటే కదలదు, అదే మంచి కాలిని పైకెత్తమంటే, బలహీనమైన కాలి మడమ దానంతట అదే కిందికి నొక్కుతుంది. 1908లో హూవర్ అనే డాక్టరు చెప్పిన గుర్తిది. నటించేవాళ్ళని పట్టుకోవడానికి కాదు. నరం దారి బాగుందని, వ్యాయామంతో, ఫిజియోథెరపీతో మళ్ళీ నడవనేర్పవచ్చని చెప్పే గుర్తు. ఆ డాక్టరుతో తగవు పెట్టుకునే ముందు, ఏ గుర్తు చూసి అలా అన్నారో అడిగి ఫైల్లో రాయించుకోండి.

మందు మొదలుపెడితే మొదటి మాత్ర వేసుకున్న తేదీ, అంతకుముందు నెలలో ఎన్నిసార్లు వచ్చింది, తర్వాత ఎన్నిసార్లు, ఎడమపక్క పేజీలో. మత్తు, దద్దుర్లు, వాంతులు కుడిపక్క. దద్దుర్లయితే ఆ రోజే ఫోను చేయాలి. తగ్గిందని ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానేయకూడదు.

పేరు రాకుండానే తగ్గిపోయిన జబ్బులూ ఉంటాయి. ఏలూరులో చాలామందికి అదే జరిగింది. 2021 జనవరిలో భీమడోలు మండలం పూళ్ళలో, దెందులూరు మండలం కొమిరేపల్లిలో మళ్ళీ కొందరు అలాగే పడిపోయారు. ఈసారి అక్కడి డాక్టర్లకి ఏం అడగాలో, ఏ శాంపిళ్ళు తీయాలో ముందే తెలుసు. మీ ఫైలునీ తగ్గిపోయింది కదా అని పాతపేపర్లవాడికి వేయకండి. ఆసుపత్రిలో ఎవరడిగినా జెరాక్సులే ఇవ్వండి, అసలుది ఇంటికి రావాలి. బీరువాలో ఇంటి పన్ను రసీదుల పక్కన పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.